వెయ్యి డాలర్లు ఒక్క రూపాయి అనుకుంటే: బాన్-టన్ దుకాణాల జమాఖర్చు

2018 ఆగస్టు నెలాఖరుకల్లా అమెరికాలో 23 రాష్ట్రాల్లో ఉన్న సుమారు 260 పెద్ద దుకాణాలు మూతపడ్డాయి. బోర్డుల మీద పేర్లు వేరువేరు. షికాగో చుట్టుపక్కల కార్సన్స్, మిల్వాకీలో బోస్టన్ స్టోర్, అయోవాలో యంకర్స్, మినెసోటాలో హెర్బర్గర్స్, ఒహాయోలో ఎల్డర్-బీర్‌మన్, పెన్సిల్వేనియాలో బాన్-టన్. యజమాని మాత్రం ఒకే కంపెనీ. దాని పేరు బాన్-టన్ స్టోర్స్. 1898లో పెన్సిల్వేనియాలోని యార్క్ అనే ఊళ్లో ఒక్క గదిలో టోపీలు, బట్టలు అమ్ముతూ మొదలైన వ్యాపారం అది. మూసేనాటికి దాదాపు 24,000 మంది అందులో పనిచేస్తున్నారు.

షికాగో శివార్లలో ఉండే తెలుగువాళ్లకు ఈ పేర్లు కొత్తవి కావు. బాలాజీ గుడి ఉన్న అరోరా ఊళ్లోనే, ఫాక్స్ వ్యాలీ మాల్‌లో ఒక కార్సన్స్ ఉండేది. అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో కోటు అక్కడే కొనుక్కున్నవాళ్లు వాళ్లలో ఉండే ఉంటారు.

ఇంత పాత వ్యాపారం ఎందుకు పోయిందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఆన్‌లైన్ దెబ్బ. అందులో నిజం లేకపోలేదు. కానీ కంపెనీ లెక్కల పుస్తకాలు తిరగేస్తే, అసలు దెబ్బ అంతకంటే చాలా ముందు, 2006 మార్చిలో తగిలిందని నాకనిపిస్తుంది. ఎందుకో అంకెలతోనే చెప్తాను.

ముందు ఒక చిన్న ఏర్పాటు చేసుకుందాం. వంద కోట్ల డాలర్లు అనగానే ఎవరికైనా లెక్క ఊహకందదు. అందుకని వెయ్యి డాలర్లను ఒక రూపాయిగా కుదించి చూద్దాం. ఇది మారకం రేటు కాదు, పటం మీద మైళ్లను అంగుళాల్లో చూపిస్తారే, అలాంటి కొలత. అప్పుడు వంద కోట్ల డాలర్లు పది లక్షల రూపాయలవుతాయి. బాన్-టన్ మొత్తం మన వీధి చివరి బట్టల కొట్టంత అవుతుంది. ఇంకొకమాట. అక్కడి దుకాణాల ఆర్థిక సంవత్సరం జనవరి చివరికో ఫిబ్రవరి మొదటికో ముగుస్తుంది. కంపెనీ లెక్కల్లో నేను 2007 అన్నచోట 2008 మొదట్లో ముగిసిన ఏడాది అని చదువుకోండి.

డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటే ఏమిటో షాపర్స్ స్టాప్, లైఫ్‌స్టైల్ చూసినవాళ్లకు తెలుసు. చొక్కాలు, చెప్పులు, అత్తర్లు, దుప్పట్లు, వంటపాత్రలు ఒకే కప్పు కింద, దేని విభాగం దానికి. ప్రాంతీయ డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటే దేశమంతా కాకుండా కొన్ని రాష్ట్రాలకు పరిమితమైనది. పేరు చెప్పగానే ఫలానా ఊరిది అని తెలిసిపోయేది.

ఆ ఊళ్లకు ఇవి ఉత్త కొట్లు కావు. అయోవా రాష్ట్రంలో మొట్టమొదటి ఎస్కలేటర్ 1939లో డి మోయిన్‌లోని యంకర్స్‌లో పెట్టారు. అదే భవనంలో టీ రూమ్ ఒకటుండేది, కుటుంబాలు మంచి బట్టలు కట్టుకుని భోజనానికి వెళ్లేవి. షికాగోలో స్టేట్ స్ట్రీట్, మాడిసన్ స్ట్రీట్ కలిసే మూలన కార్సన్స్ ఉన్న భవనాన్ని లూయీ సలివాన్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి కట్టాడు. మూల గుండ్రంగా తిరిగి ఉంటుంది. కింది రెండంతస్తులకూ పోతపోసిన ఇనుముతో తీగలు, ఆకులు అల్లుకున్నట్టు పని. దూరం నుంచి చూస్తే కొయ్యచెక్కడం అనుకుంటాం. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు దాన్ని ఇప్పటికీ పాఠంగా చదువుతారు. 1904 నుంచి అక్కడే ఉన్న కార్సన్స్‌ను 2007లో, అంటే బాన్-టన్ చేతికొచ్చిన మరుసటి ఏడాదే, మూసేశారు. ఇప్పుడు కింది అంతస్తుల్లో టార్గెట్ దుకాణం ఉంది.

బాన్-టన్ సొంత దుకాణాల్లో కమ్యూనిటీ డే అని ఒకటి జరిగేది. ఊళ్లోని చర్చి, బడి, స్వచ్ఛంద సంఘం కూపన్ల పుస్తకాలు తెచ్చుకుని ఒక్కోటి 5 డాలర్లకు అమ్ముకునేవి. ఆ 5 డాలర్లూ వాళ్లవే, దుకాణానికి పైసా ఇవ్వక్కర్లేదు. పుస్తకం కొన్నవాళ్లు ఆ రోజు వచ్చి తగ్గింపు ధరకు సరుకు పట్టుకెళ్లేవారు. ఊరికి చందా, కొట్టుకు గిరాకీ. దుకాణాలు మూసినప్పుడు ఇలాంటి చిన్నచిన్న సంఘాలకూ ఒక ఆదాయం పోయింది. అది ఏ దివాలా లెక్కలోనూ కనబడదు.

ఇక డబ్బు సంగతి. బాన్-టన్‌ను స్థాపించిన గ్రంబాకర్ కుటుంబం ఈ వ్యాపారాన్ని మొదటి తొంభై ఏళ్లూ నెమ్మదిగానే పెంచింది. 1987లో హారిస్‌బర్గ్‌కు చెందిన పొమెరాయ్స్ దుకాణాలు కొన్నారు. 1991లో కంపెనీ వాటాలు స్టాక్ మార్కెట్లో అమ్మకానికి పెట్టారు. 1994లో బఫలో నగరపు ఎ.ఎం. అండ్ ఎ'స్, హెసెస్ దుకాణాల్లో కొన్ని వచ్చి చేరాయి. 2003లో ఒహాయోలోని ఎల్డర్-బీర్‌మన్‌ను సుమారు 9.3 కోట్ల డాలర్లకు కొన్నారు. మన కొలతలో 93,000 రూపాయలు. దాంతో కంపెనీ రెట్టింపయింది.

2005కి ఈ కొట్టు పరిస్థితి ఇది: ఏడాది అమ్మకాలు 13 లక్షలు, ఖర్చులన్నీ పోగా లాభం 26,000. వందకు రెండు రూపాయలు. ఈ వ్యాపారంలో అది చెడ్డ లాభం కాదు.

అప్పుడు ఎదురైన అవకాశం: శాక్స్ కంపెనీ తన ఉత్తరాది దుకాణాలను అమ్మకానికి పెట్టింది. కార్సన్స్, యంకర్స్, హెర్బర్గర్స్, బోస్టన్ స్టోర్, బర్గ్నర్స్, కలిపి 142 దుకాణాలు, ఏడాదికి 22 లక్షల అమ్మకాలు. ధర 105 కోట్ల డాలర్లు, అంటే పదిన్నర లక్షలు. పదమూడు లక్షల కొట్టు ఇరవై రెండు లక్షల కొట్టును కొనడానికి సిద్ధపడింది.

తనకంటే పెద్దదాన్ని ఎందుకు కొన్నట్టు? అప్పటి వాతావరణం అలాంటిది. 2005లోనే మేసీస్ యజమాని అయిన ఫెడరేటెడ్ కంపెనీ తన పోటీదారు మే కంపెనీని కొనేసింది. అదే ఏడాది సియర్స్, కె-మార్ట్ ఒక్కటయ్యాయి. పెద్ద కొట్టుకు సరుకు చౌకగా దొరుకుతుంది. పేరున్న బ్రాండ్లు ముందు పెద్దవాళ్లకే కొత్త సరుకు పంపుతాయి. చిన్నగా ఉంటే నలిగిపోతామనే భయం ఆ ఏడాది అందరికీ ఉంది. ఆ భయం ఉత్తది కాదు కాబట్టి, యజమానులది అత్యాశ అని నేననలేను.

చిక్కంతా డబ్బు తెచ్చిన తీరులో ఉంది. 51 కోట్ల డాలర్లు బాండ్ల ద్వారా తెచ్చారు. బాండు అంటే ఫలానా తేదీకి అసలు తిరిగిస్తాం, అందాకా వడ్డీ కడతాం అని రాసిచ్చే కాగితం. దాన్ని మదుపుదార్లు కొంటారు. వడ్డీ 10.25 శాతం, అసలు 2014లో తీర్చాలి. మరో 26 కోట్లు దుకాణాల భవనాలు తనఖా పెట్టి తీసుకున్నారు. మిగిలింది బ్యాంకుల నుంచి. అవసరమైనప్పుడు తీసుకుని, సరుకు అమ్ముడయ్యాక కట్టే ఖాతా, మన వ్యాపారులు సి.సి. అంటారే, క్యాష్ క్రెడిట్, అలాంటిది. దాని పరిమితి 100 కోట్ల డాలర్లు.

మన ఊళ్లలో రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. పదింపావు దానికంటే తక్కువే కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడి లెక్క వేరు. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం పదేళ్ల అప్పుకు ఇచ్చే వడ్డీ 5 శాతం లోపే. అంటే మార్కెట్టు బాన్-టన్‌ను నమ్మడానికి రెట్టింపు వడ్డీ అడిగిందన్నమాట. పైగా వందకు రెండు రూపాయలు మిగిలే వ్యాపారం అది. ఆ బాండ్ల మీదే ఏడాదికి 52,000 రూపాయల పైన వడ్డీ. 2005లో కొట్టు సంపాదించిన మొత్తం లాభానికి ఇది రెండింతలు. తనఖా మీద, బ్యాంకు ఖాతా మీద వడ్డీ ఇంకా దీనికి అదనం.

వ్యాపారంలో అప్పు చేయనివాళ్లెవరు, అని ఇంకో సందేహం. నిజమే, ఎవరూ లేరు. కానీ అప్పుల్లో రెండు రకాలున్నాయి. పండగ సరుకు కోసం తెచ్చేది పండగ వెళ్లగానే తీరిపోతుంది. డిపార్ట్‌మెంట్ స్టోర్లకు ఏడాది లాభంలో చాలావరకు నవంబరు, డిసెంబరుల్లోనే వస్తుంది కాబట్టి అలాంటి అప్పు తప్పదు, మంచిదే. పక్క కొట్టు కొనడానికి చేసిన అప్పు అలా తీరదు. అది తీరాలంటే ఏటా లాభం మిగలాలి, అలా ఏళ్లతరబడి మిగలాలి. బాన్-టన్ నెత్తిన పడింది ఈ రెండో రకం.

ఇప్పుడు 2007 పుస్తకం తెరుద్దాం. పెళ్లయిన కొత్త కాపురంలా రెండు కొట్లూ కుదురుకున్న ఏడాది అది, మాంద్యం ఇంకా ముదరలేదు. అమ్మకాలు 337 కోట్ల డాలర్లు. దుకాణానికి వచ్చిన ఒక మనిషి వంద రూపాయల చొక్కా కొన్నాడనుకోండి. అందులో సుమారు 64 రూపాయలు ఆ చొక్కా తయారుచేసినవాడికి పోతాయి. జీతాలు, అద్దె, కరెంటు, ప్రకటనలకు ఇంచుమించు 32. భవనాలు, సామాను అరుగుదల మూడున్నర. స్టోరు పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డుల మీద వచ్చే కమిషన్ మూడు రూపాయల దాకా చేతికొస్తుంది. ఇక వడ్డీ 3 రూపాయల 20 పైసలు. పన్నులు కూడా పోగా యజమానులకు మిగిలింది 34 పైసలు.

వడ్డీకి మూడు రూపాయల ఇరవై పైసలు, కొట్టుకు ముప్పై నాలుగు పైసలు. మొత్తం మీద చూస్తే వడ్డీ 10.8 కోట్ల డాలర్ల పైమాట, లాభం 1.16 కోట్లు. మాంద్యం ముదరకముందే పరిస్థితి ఇది. ఏ వ్యాపారపు ఆరోగ్యమైనా చూడాలనుకుంటే అమ్మకాలు, లాభం కంటే ముందు ఈ ఒక్క నిష్పత్తి చూడమని నేను చెప్తాను: వడ్డీ కట్టకముందు మిగిలింది ఎంత, వడ్డీ ఎంత. మొదటిది రెండోదానికి కనీసం రెండు మూడింతలు ఉంటే ఒక చెడ్డ ఏడాదిని తట్టుకోగలరు. బాన్-టన్‌లో రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి.

చెడ్డ ఏడాది వెంటనే వచ్చింది. 2008 ఆర్థిక సంక్షోభంలో నష్టం 16.99 కోట్ల డాలర్లు. మన కొలతలో ఒక లక్షా డెబ్బై వేలు, అంటే 2005లో లాగా ఆరేళ్లు సంపాదించినా పూడనంత. 2009లో చిన్న నష్టం. 2010లో 2.15 కోట్ల లాభం. ఆ తర్వాత కంపెనీ లాభం మొహం చూడలేదు.

2014 గడువు దగ్గరపడుతున్నా బాండ్ల అసలు తీర్చే స్థితి లేదు. అప్పుడేం చేశారంటే, మన పల్లెల్లో ప్రామిసరీ నోటు తిరగరాయించుకున్నట్టే తిరగరాయించుకున్నారు. 2012లో పాత బాండ్లలో ఎక్కువ భాగం ఇచ్చి, 2017లో తీర్చే కొత్తవి తీసుకున్నారు. వడ్డీ 10.25 నుంచి 10.625కి పెరిగింది. మరుసటి ఏడాది వడ్డీరేట్లు తగ్గిన అదను చూసి, 8 శాతానికి 35 కోట్ల డాలర్ల బాండ్లు 2021 గడువుతో అమ్మి కొంత ఊపిరి పీల్చుకున్నారు. నోటు తిరగరాసినప్పుడల్లా గడువు జరుగుతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది.

2011 నుంచి 2016 దాకా ఆరేళ్ల నష్టాలు వరసగా ఇవి, కోట్ల డాలర్లలో: 1.21, 2.16, 0.36, 0.70, 5.71, 6.34. కూడితే 16.5 కోట్లు. అదే ఆరేళ్లలో కట్టిన వడ్డీ ఏ ఏడాదీ 6 కోట్లకు తగ్గలేదు. మొత్తం వడ్డీ నష్టాల మొత్తానికి రెండింతలు దాటింది. వడ్డీలో కొంత, పండగ సరుకు అప్పుదిగా, ఎలాగూ ఉండేదే. అది తీసేసి చూసినా, 2006 అప్పు లేకపోతే మొదటి నాలుగేళ్లు ఈ కంపెనీ నష్టాల్లో ఉండేది కాదన్నది నా లెక్క.

మరి ఆన్‌లైన్ సంగతి? 2006లో అమెరికా చిల్లర వ్యాపారంలో ఆన్‌లైన్ వాటా వందకు మూడు రూపాయలు. 2017కి తొమ్మిది. పెరుగుదల పెద్దదే, కాదనను. కానీ దివాలా తీసిన ఏడాదికి కూడా వందలో 91 రూపాయలు మామూలు దుకాణాల్లోనే ఖర్చవుతున్నాయి. అవి ఎక్కడికి పోయాయన్నదే అడగాల్సింది.

కొన్ని టి.జె. మాక్స్, మార్షల్స్ దుకాణాలకు పోయాయి. వీటి యజమాని టి.జె.ఎక్స్. పేరున్న బ్రాండ్ల మిగులు సరుకును తక్కువ ధరకు అమ్మే కంపెనీ ఇది. దాని అమ్మకాలు 2006లో 1,740 కోట్ల డాలర్లు, 2017లో 3,590 కోట్లు. అవీ ఇటుకలతో కట్టిన దుకాణాలే, అదే మనుషులకు అవే బట్టలు అమ్మినవే. ఆన్‌లైన్ పెరిగిన పదకొండేళ్లలోనే అవి రెట్టింపయ్యాయి. వాటిలో సరుకు వారంవారం మారుతుంది, చీటీ మీద ఉన్న ధరే ధర. పెద్ద మాల్ లోపలికి నడవక్కర్లేదు, రోడ్డు పక్కనే కారు ఆపుకుని వెళ్లొచ్చు.

బాన్-టన్ దుకాణాల్లో మాత్రం కూపన్ల రాజ్యం. ఒక స్వెట్టరు మీద 60 డాలర్లని రాసి ఉంటుందనుకోండి. శుక్రవారం సేల్‌లో 42. పత్రికలో కత్తిరించుకున్న కూపన్ పెడితే ఇంకో 20 శాతం తగ్గి 34కి చిల్లర తక్కువ. కౌంటరు దగ్గర కూపన్ వెనక్కి తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో అది వర్తించని బ్రాండ్ల జాబితా. వరసలో వెనకవాళ్లు చూస్తుండగా కొనబోయినవాళ్లు స్వెట్టరు పక్కన పెట్టేయడం. గిరాకీ ఇలా కొన్నాళ్లు అలవాటు పడ్డాక అసలు ధరకు ఎవరూ కొనరు. కూపన్ వచ్చేదాకా ఆగుతారు.

కూపన్లు మానేసి నికరమైన ధర పెట్టొచ్చు కదా అంటే, పెద్ద కంపెనీ ఒకటి అదీ చేసి చూసింది. 2012లో జె.సి. పెన్నీ ఉన్నట్టుండి కూపన్లు ఎత్తేసింది. ఒక్క ఏడాదిలో అమ్మకాలు సుమారు 1,730 కోట్ల డాలర్ల నుంచి 1,300 కోట్లకు, అంటే నాలుగో వంతు పడిపోయాయి. అలవాటు మాన్పించడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లపాటు నష్టం భరించే నిలవ డబ్బు ఉండాలి. బాన్-టన్ దగ్గర వచ్చిన డబ్బు వచ్చినట్టే వడ్డీకి పోతోంది. దుకాణాల్లో తివాచీలు మార్చడానికి, వెబ్‌సైటు బాగుచేయడానికి, జీతాలు పెంచి మంచి మనుషులను నిలుపుకోవడానికి కావలసింది కూడా ఆ డబ్బే. ఆన్‌లైన్ పోటీ వచ్చినప్పుడు ఎదుర్కోడానికి చేతిలో ఏమీ లేకపోవడమే ఆ అప్పు కొట్టిన అసలు దెబ్బ.

ఒక్కో దుకాణం లెక్కలో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2006లో సుమారు 280 దుకాణాలు, 336 కోట్ల అమ్మకాలు. సగటున ఒక్కోదానికి కోటీ ఇరవై లక్షల డాలర్లు, మన కొలతలో 12,000 రూపాయలు. 2016లో 260 దుకాణాలు, దాదాపు 260 కోట్ల అమ్మకాలు. ఒక్కోదానికి 10,000 రూపాయలు. ఈ పదేళ్లలో అక్కడ ధరలు 19 శాతం పెరిగాయి. ఉన్నచోటే నిలబడాలన్నా ఒక్కో దుకాణం 14,300 అమ్మాలి. అమ్మింది పదివేలు. అద్దె, లైట్లు, చలికాలం హీటింగు ఆ నిష్పత్తిలో తగ్గవు. లక్ష చదరపు అడుగుల హాల్లో గిరాకీ మూడో వంతు తగ్గినా లైట్లు మూడో వంతు ఆర్పేయలేం.

పెద్ద దుకాణం చివరి రోజులు ఎలా వస్తాయో చాలామందికి తెలియదు, అక్కడ కొంచెం ఆగుదాం. సరుకు పంపేవాళ్లు సాధారణంగా అరువు మీద పంపుతారు, నెలో రెండు నెలలో ఆగి డబ్బు తీసుకుంటారు. ఆ బాకీకి పూచీపడే సంస్థలు వేరే ఉంటాయి. ఫలానా కొట్టు అనుమానమని ఆ సంస్థలు వెనక్కి తగ్గగానే, పంపేవాడు ముందు డబ్బిస్తేనే సరుకంటాడు. కొట్టులో అల్మారాలు ఖాళీ అవుతాయి. ఖాళీ చూసి గిరాకీ తగ్గుతుంది. గిరాకీ తగ్గిందని బ్యాంకు తన పరిమితి తగ్గిస్తుంది, ఎందుకంటే ఆ ఖాతాకు హామీ ఆ సరుకే. వదంతులు మొదలయ్యాక ఇదంతా చాలా త్వరగా జరిగిపోతుంది.

2017 డిసెంబరులో బాండ్ల మీద ఆరునెలల వడ్డీ 1.4 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. 35 కోట్ల మీద 8 శాతంలో సగం. మన కొలతలో 14,000 రూపాయలు. ఏడాదికి 26 లక్షలు అమ్మే కొట్టు, క్రిస్మస్ గిరాకీ ముమ్మరంగా ఉన్న నెలలో, ఆ 14,000 కట్టలేదు.

2018 ఫిబ్రవరి 4న కంపెనీ డెలావేర్ కోర్టుకెళ్లి చాప్టర్ 11 కింద రక్షణ కోరింది. అంటే అప్పులవాళ్లను కొన్నాళ్లు ఆపి, వ్యాపారం నడుపుకుంటూనే బాకీలు సర్దుకునే వెసులుబాటు. అప్పటికి అప్పులు 174 కోట్ల డాలర్లు, ఆస్తులు 160 కోట్లకు దగ్గర. పద్నాలుగు కోట్లే కదా తేడా, దానికే మూసేయాలా అనకండి. పుస్తకాల్లో రాసిన విలువ వేరు, అమ్మితే చేతికొచ్చేది వేరు.

బాగా నడిచే దుకాణాలు ఉంచుకుని మిగతావి మూసేయొచ్చు కదా? అదే ప్రయత్నించారు. నలభై పైచిలుకు దుకాణాలు మూస్తామని ముందే ప్రకటించారు. కొన్ని మాల్స్ యజమానులు మరో మదుపు సంస్థతో కలిసి కంపెనీని కొని నడపడానికి ముందుకొచ్చారు. వాళ్ల స్వార్థం వాళ్లకుంది: మాల్‌లో పెద్ద దుకాణం మూతపడితే అద్దె తగ్గించుకునే హక్కు చాలా చిన్న దుకాణాల లీజుల్లో రాసి ఉంటుంది. లెక్కలు, లీజులు పరిశీలించే ఖర్చు కింద 5 లక్షల డాలర్లు కంపెనీ ఖాతా నుంచి ఇప్పించమని వాళ్లు అడిగారు. జడ్జి అంగీకరించలేదు. మన కొలతలో ఆ ఖర్చు 500 రూపాయలు. ఆ బేరం ముందుకు సాగలేదు.

ఏప్రిల్లో వేలం జరిగింది. బాండ్లున్న మదుపుదార్లు, సరుకు అమ్మిపెట్టే రెండు సంస్థలు జట్టుగా 77.55 కోట్ల డాలర్లకు పాడుకున్నారు. నడపడానికి కాదు, సరుకంతా అమ్మేసి తలుపులు మూయడానికి. అప్పిచ్చినవాళ్ల వైపు నుంచి చూస్తే అది అర్థమయ్యే నిర్ణయమే. అల్మారాల్లోని సరుకు రేపటికల్లా డబ్బవుతుంది, వ్యాపారం కోలుకుంటుందన్న మాట కాగితం మీదే ఉంటుంది. కానీ ఒక్కో దుకాణంలో సగటున తొంభై మంది ఉద్యోగులున్నారు. వాళ్ల లెక్క ఆ వేలంపాటలో లేదు.

సెప్టెంబరులో బాన్-టన్, కార్సన్స్ వగైరా పేర్లను, వెబ్ చిరునామాలను సి.ఎస్.సి. జనరేషన్ అనే కంపెనీ 9 లక్షల డాలర్లకు కొనుక్కుంది. అప్పటి మారకంలో ఆరున్నర కోట్ల రూపాయలు, జూబ్లీహిల్స్‌లో ఒక మంచి ఇంటి ధర. మన కొలతలో 900 రూపాయలు. పదిన్నర లక్షలు అప్పుచేసి కొన్న పేర్లూ అందులో ఉన్నాయి.

ప్రాంతీయ దుకాణాల కాలమే అయిపోయింది, బాన్-టన్ ఏం చేసినా ఇంతే అనేవాళ్లకు నేను చూపించేది బాస్కోవ్స్‌ను. అదీ పెన్సిల్వేనియాదే, ఊరు రెడింగ్. అదీ కుటుంబ వ్యాపారమే, మాల్స్‌లోనే దుకాణాలు. అదీ 2006లో ఒకేసారి పది దుకాణాలు కొని, 2008 ఆగస్టులో 49 దుకాణాలతో దివాలా కోర్టు మెట్లెక్కింది. తేడా అక్కడి నుంచి మొదలైంది. పది దుకాణాలు మూసేశారు. దాదాపు 79 ఏళ్ల ఆల్ బాస్కోవ్, బంధువులతో కలిసి సొంత డబ్బు పెట్టి కంపెనీని తిరిగి కొన్నాడు. పెన్సిల్వేనియా పట్టణాల ద్వారా 3.5 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణం కూడా అందింది. బాస్కోవ్స్ మూతపడితే ఊళ్లకు జరిగే నష్టం అంతకంటే ఎక్కువని అధికారులు లెక్కేసుకున్నారు.

బాస్కోవ్స్ తప్పు చేసి రెండేళ్లకే, అప్పు చిన్నగా ఉండగానే, తేల్చుకుంది. బాన్-టన్ పన్నెండేళ్లు నోటు తిరగరాస్తూ పోయింది. ఆల్ బాస్కోవ్ 2017లో చనిపోయాడు. ఆయన దుకాణాలు ఇప్పుడు యాభై దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి బాన్-టన్ పుట్టిన యార్క్‌లోనే, యార్క్ గల్లేరియా మాల్‌లో ఉంది. ఒకప్పుడు అదే మాల్‌లో బాన్-టన్ కూడా ఉండేది.